బుధవారం ఫోను

నేను అనుమానం మనిషిని. ఈ సంగతి ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకూ నాకూ కూడా హాయి. పాలలో నీళ్ళ దగ్గర్నుంచి డాక్టరు నవ్వు దాకా నేను దేన్నీ మొదటిసారికే నమ్మను. పుట్టుకతో వచ్చిన బుద్ధి కొంత, ఉద్యోగం నేర్పింది కొంత. పెళ్ళయిన కొత్తలో తిరువూరులో ఒక చిన్న బ్యాంకు సేవా కేంద్రంలో పనిచేశాను. ఎవరో ఫోన్ చేసి "అమ్మా, బాగున్నారా" అని తీయగా పలకరిస్తే ఓటీపీ చెప్పేసి, ఖాతా ఖాళీ అయ్యాక మా బల్ల ముందు కూర్చుని ఏడ్చినవాళ్ళను చాలామందిని చూశాను. అప్పట్నుంచి ఫోన్లో తీయటి గొంతు వినపడితే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు గండం గడిచింది. పాప ఉయ్యాల్లో నిద్రపోతోంది. నా బీపీ మాత్రలు తగ్గాయి. మనసు కుదుటపడుతుందేమోనని కొంత, కడుపుతో ఉన్న మరో అమ్మాయి చదివి జాగ్రత్తపడుతుందేమోనని కొంత, ఇది రాస్తున్నాను. నీతులు చెప్పను. నాకు జరిగింది చెబుతాను.

ఆవకాయ రోజులు

అప్పటికి నాకు మూడో నెల. మా ఆయనకు తిరువూరులో పురుగుమందులు, విత్తనాల షాపు ఉంది. షాపు వెనకాలే ఇల్లు. ఆ రోజు అత్తయ్య నడవా నిండా మామిడికాయ ముక్కలు పోసుకుని ఒక్కొక్కటే తడి తుడుస్తోంది. నా కడుపు సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మూడో నెల దాటేదాకా బయటికి పొక్కకూడదని అత్తయ్య ఆజ్ఞ. నరుడి కంటికి నల్లరాళ్ళు కూడా పగులుతాయంటుంది ఆవిడ. మరి ఆశా కార్యకర్త మేరీకి ఎలా తెలిసిందో, భుజాన సంచితో గుమ్మంలో ప్రత్యక్షమైంది. రక్తపరీక్ష చేసినవాళ్ళే చెప్పి ఉంటారని నాకు అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఇప్పటికీ పోలేదు.

మేరీ చాప మీద కూర్చుని వివరంగా చెప్పింది. కడుపుతో ఉన్నవాళ్ళకు బుధవారం బుధవారం సాయంత్రం పూట ఒక ఫోన్ వస్తుందట. మనిషి కాదు, రికార్డు చేసిన గొంతు. తలనొప్పి ఉందా, మొహమూ కాళ్ళూ వాచాయా, కళ్ళు మసకలు కమ్ముతున్నాయా, బిడ్డ కదలిక తగ్గిందా అని ఒక్కొక్కటే అడుగుతుందట. ఉంటే ఒకటి నొక్కాలి, లేకపోతే రెండు. ఒకటి నొక్కినవాళ్ళ దగ్గరికి నర్సు పరుగెత్తుకుని వస్తుందట. అంతా ఉచితం.

ఉచితం అనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ గొంతు ఎవరిది, మేం నొక్కినవన్నీ ఎక్కడికి పోతాయి, రేపు పిల్లల పౌడరు కంపెనీవాళ్ళు నా నంబరుకు ఫోన్లు చేస్తే ఎవరు జవాబు చెబుతారు అని అడిగాను. పాపం మేరీకి తెలిసినంత చెప్పింది. తెలియనిచోట "అదేమోనమ్మా, పైవాళ్ళు పెట్టారు" అంది. నేను నంబరు ఇవ్వనని అనలేదు. ఆయన్ని అడిగి చెబుతానన్నాను. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆ మాటంటే ఇవ్వననే అర్థమని మేరీకీ తెలుసు.

కానీ అత్తయ్యకు ఇంటికి వచ్చిన ఆడమనిషిని ఉత్త చేతులతో పంపడం చేతకాదు. మజ్జిగ ఇచ్చింది, నాలుగు మామిడికాయలు సంచిలో వేసింది. ఇంకా మేరీ మొహం చిన్నబోయే ఉండేసరికి తన నంబరు కూడా చెప్పేసింది. "నాది రాసుకోమ్మా. ఇంట్లో ఎవరిదైతే ఏంలే" అంది. మేరీ సంతోషంగా నా పేరు ఎదురుగా అత్తయ్య నంబరు ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి బుధవారమే ఫోన్ వచ్చింది. అత్తయ్య అప్పుడే తులసికోట దగ్గర దీపం పెట్టి లోపలికి వస్తోంది. ఆవిడది బొత్తాల ఫోను. స్పీకరు వేసి నాకు వినిపించింది. నేననుకున్నట్టే తీయటి గొంతు, "అమ్మా, మీరు క్షేమంగా ఉన్నారా" అని మొదలుపెట్టింది. కట్ చెయ్యమన్నాను, మళ్ళీ వస్తే ఎత్తొద్దన్నాను. అత్తయ్య సరేనంది. ఆ తర్వాత ఆ ఊసే లేదు. చూశారా, నంబరు పట్టుకుపోయి మాయమైపోయారు అని మా ఆయన దగ్గర విజయగర్వంతో అన్నాను కూడా.

శ్రావణం

ఏడో నెల పడగానే సీమంతం చేసి, తొలిచూలు కాబట్టి మావాళ్ళు నన్ను వినగడప తీసుకెళ్ళారు. మా నాన్నది అక్కడ పత్తి, కాస్త మామిడితోట. సీమంతం రోజు ముత్తయిదువులు రెండు చేతులకూ మోచేతుల దగ్గరిదాకా గాజులు తొడిగారు. పురుడయ్యేదాకా తియ్యకూడదు, పగిలితే పగిలిన చేతికి వెంటనే వేరేవి వెయ్యాలి. వెళ్ళేటప్పుడు అత్తయ్య నా తల నిమిరి, ఏ చింతా పెట్టుకోకు, మంచి మాటలే మాట్లాడు, మంచే జరుగుతుంది అంది. మంచి మాటలు అంత నొక్కి చెప్పడం ఎందుకో అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

పుట్టింట్లో మొదట్లో బాగానే గడిచింది. తరవాత తరవాత గాజులు బిగిశాయి. వేసినరోజు చెయ్యి ఎత్తితే గలగలమని మోచేతిదాకా జారేవి, ఇప్పుడు ఉన్నచోటే చర్మంలో ఒరుసుకుని ఉండిపోయాయి. చెప్పుల్లో కాళ్ళు పట్టలేదు. అమ్మ చూసి నవ్వింది. నీరు దిగింది, కడుపుతో ఉన్నవాళ్ళకు మామూలే, నువ్వు కడుపులో ఉన్నప్పుడు నా కాళ్ళు రోకలిబండల్లా ఉండేవి అంది. బార్లీ నీళ్ళు కాచి ఇచ్చింది. పెద్దమ్మ వచ్చి మామూలే అంది. పక్కింటి ఆవిడ మామూలే అంటూ, మగపిల్లాడని కూడా తేల్చేసింది. ఇంతమంది కలిసి మామూలే అంటుంటే నాకు భయం మొదలైంది. మామూలు విషయాన్ని ఎవరూ అన్నిసార్లు చెప్పరు.

అయినా రోజూ మా ఆయన ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగితే బాగానే ఉన్నానని చెప్పేదాన్ని. పత్తికి మందులు కొట్టే కాలం, షాపులో ఊపిరి సలపని పని. గొంతులోనే అలసట తెలిసేది. ఏముందిలే, బాగానే ఉన్నాను, అన్నం తిన్నారా అని మాట మార్చేదాన్ని.

దసరా ముందు

ఒకరోజు పొద్దున లేచేసరికి తల పగిలిపోతోంది. తలకు నూనె పెట్టింది అమ్మ. మధ్యాహ్నం టీవీ చూస్తుంటే కింద పోయే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. కళ్ళు నులుముకున్నా దిగలేదు. అమ్మ మళ్ళీ మామూలే అనబోయింది. నేను చెప్పులు లేకుండానే లేచి బయటికి నడిచాను. ఊళ్ళో ఆరోగ్య కేంద్రం నాలుగు వీధుల అవతల. అమ్మ నా వెనకాలే గొడుగు పట్టుకుని, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారే అంటూ వచ్చింది.

అక్కడి నర్సమ్మ నా పేరు, కార్డు నంబరు అడిగి ఫోన్లో వెతికింది. చూసి, కంగారుపడకండి అన్నట్టు నవ్వింది.

"నీ పేరు పచ్చరంగులో ఉందమ్మా. మేం ఎర్రరంగు వాళ్ళ ఇళ్ళకే ముందు పోతాం. వారం వారం బాగానే ఉన్నానని నువ్వే నొక్కుతున్నావుగా?"

"నాకసలు ఫోనే రాలేదండి" అన్నాను.

"పోయిన బుధవారం కూడా నొక్కావు. తలనొప్పి లేదు, వాపు లేదు, మసక లేదు. అన్నిటికీ రెండే."

ఆ క్షణంలో తలనొప్పి కూడా మరిచిపోయాను. నా పేరు మీద ఎవరో మాట్లాడుతున్నారు. నాకు వాపు లేదని, నా కళ్ళు బాగున్నాయని, నా బిడ్డ చక్కగా కదులుతోందని ఎవరో నాకు తెలియకుండా చెబుతున్నారు. ఖాతాలో డబ్బు పోయినవాళ్ళ మొహాలు నాకు గుర్తొచ్చాయి. ఇక్కడ పోతున్నది డబ్బు కాదు.

నర్సమ్మ నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. పట్టీ విప్పి రెండో చేతికి చుట్టి మళ్ళీ చూసింది. ఆమె మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను గమనిస్తూనే ఉన్నాను. ఎంత ఉందని అడిగితే కాస్త ఎక్కువుందమ్మా అంది. ఆ కాస్త అన్నమాట నమ్మలేదు, ఎందుకంటే అప్పటికే ఆమె అంబులెన్సుకు ఫోన్ చేస్తోంది.

తిరువూరు ఆసుపత్రిలో సూది వేసి, ఇక్కడ కాదు, విజయవాడ తీసుకెళ్ళండి అన్నారు. అంబులెన్సులో అమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని దేవుళ్ళందరికీ మొక్కుతోంది. నేను మొక్కలేదు. ఎవరు నొక్కారా అని లెక్కలు వేస్తున్నాను. టార్గెట్ల కోసం మేరీయే నొక్కేస్తోందా? ఆఫీసులో ఎవరైనా కూర్చుని అందరికీ రెండు నొక్కేస్తున్నారా? లేక ఆ గొంతు అసలు ఎవరికీ ఫోన్ చెయ్యకుండానే తనే ప్రశ్నలడిగి తనే జవాబులు చెప్పుకుంటోందా? ఆలోచించే కొద్దీ బిడ్డ కడుపులో కదిలిందో లేదో పట్టించుకోవడం మరిచిపోయాను. గుర్తొచ్చి పొట్ట మీద చెయ్యి పెట్టాను. చాలాసేపటికి ఒక చిన్న తోపు తగిలింది. అది కూడా నిజమేనా, బండి కుదుపా అని అనుమానించాను.

విజయవాడలో ఒక పెద్దాసుపత్రి వరండాలో నన్ను స్ట్రెచరు మీద గోడవారగా ఉంచారు. నా ముందు ఇంకా ఇద్దరున్నారట. మా ఆయన, అత్తయ్య మా వెనకాలే కారులో వచ్చారు. మా ఆయన డాక్టరుతో మాట్లాడి వచ్చి, ఏం లేదు, చిన్న ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తారు అన్నాడు. చెబుతూ నా మొహం వైపు కాకుండా సెలైన్ సీసా వైపు చూశాడు. మా నాన్న దూరంగా స్తంభం దగ్గర నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. అందరూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారని అర్థమైంది. నన్ను బతికించమంటారా, బిడ్డనా అని డాక్టర్లు వాళ్ళను అడిగి ఉంటారని ఊహించుకున్నాను. అడిగారని తర్వాత తెలిసింది.

ఒక నర్సు వచ్చి సూది పెట్టాలి, గాజులు తీసెయ్యాలి, పగలగొడతాను అంది. అమ్మ గొల్లుమంది. నిండు చూలాలి గాజులు ఆసుపత్రిలో పగలగొడతారా అని. ఆ నర్సుకు ఊపిరాడని పని ఉందని చూస్తేనే తెలుస్తోంది. అయినా సబ్బు తెచ్చి, నా వాచిన చేతికి నురగ పట్టించి, ఒక్కొక్క గాజే మెల్లగా లాగి అమ్మ కొంగులో వేసింది. ఆమె పేరు నాకు తెలియదు. అక్కడ నేను అనుమానించనిది ఆ మనిషినొక్కదాన్నే.

వరండాలో లైట్లు వేసే వేళయింది. అత్తయ్య నా కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. ఆవిడ బొడ్లో దోపుకున్న సంచిలోంచి ఫోన్ మోగింది. తీసి చెవి దగ్గర పెట్టుకుంది. గొంతు గట్టిగానే వినపడింది, అదే గొంతు, "అమ్మా, మీరు క్షేమంగా ఉన్నారా" అంటూ. ఆ రోజు బుధవారమని అప్పుడు తట్టింది నాకు. అత్తయ్య కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. ఫోన్ను చెవి నుంచి తీసి, తడుముకోకుండా ఒక బొత్తాం నొక్కి, మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది. మళ్ళీ నొక్కింది. ఎదురుగా స్ట్రెచరు మీద వాచిపోయిన మొహంతో నేను పడుకుని ఉండగా.

"అత్తయ్యా, ఏం నొక్కుతున్నారు?"

ఆవిడ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. "రెండమ్మా" అంది.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. దీపాల వేళ చేస్తారమ్మా వాళ్ళు. తథాస్తు దేవతలు తిరిగే వేళ. దీపం ముందు నిలబడి, నా కోడలికి కళ్ళు మసకలు, నా కోడలి బిడ్డ కదలట్లేదు అని నా చేత్తో నేనెలా ఒప్పుకుంటాను? బాగుంది అంటే బాగుంటుంది. ఇప్పుడైతే మరీ అనాలి."

"ఒక్కసారి నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే కట్ చెయ్యమంటావుగా" అంది. దెప్పడానికి అన్నమాట కాదు. ఉన్నమాట అంది, అంతే.

నాకు మాత్రం అది దెప్పినట్టే తగిలింది. "మీ మంచిమాట నన్ను చంపేదే అత్తయ్యా" అన్నాను. మా ఆయన నా పేరు పిలిచి ఆపబోయాడు. అత్తయ్య చేతిలో ఫోన్ ఇంకా మాట్లాడుతోంది, మీ సమాధానాలకు ధన్యవాదాలు అని. అంతలో వార్డుబాయ్ వచ్చి నా స్ట్రెచరు తోసుకుపోయాడు.

గాజు తలుపుల అవతల

మెలకువ వచ్చేసరికి పాప పుట్టిందన్నారు. ఎక్కడ అంటే మిషన్లో పెట్టారు, బాగుంది అన్నారు. బాగుంది అన్నమాట వింటేనే నాకు దడ పుట్టే స్థితి అది. పాప లేదని, చెబితే నా బీపీ పెరుగుతుందని దాస్తున్నారని నిశ్చయించుకున్నాను. మా ఆయన ఫోన్లో ఫోటో చూపించాడు. ఎవరి పిల్లదో అన్నాను. వీడియో తీసి తెచ్చాడు. అది నిన్నటిదేమో అన్నాను. ఆయన కోప్పడలేదు. పిల్లల వార్డు నర్సును బతిమాలుకుని, గాజు తలుపు దగ్గర నిలబడి నాకు వీడియో కాల్ చేశాడు. కాలికి కట్టిన పట్టీ మీద నా పేరు చూపించమన్నాను. చూపించారు. కాలు కదిలించమనండి అన్నాను. నర్సు అరికాలి మీద వేలితో గీరింది. నా చూపుడువేలంత లేని ఆ కాలు ముడుచుకుంది. అప్పుడు నమ్మి ఏడ్చాను. ఫోన్ల మీద నాకున్న పగ ఆ పూటకు వాయిదా వేశాను.

నా పక్క మంచం మీది అమ్మాయి వాళ్ళమ్మది రెడ్డిగూడెం. రోజూ ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు తెచ్చి, అడక్కుండానే సగం నాకు పోసేది, నా జడ చిక్కు తీసేది. మనిషి మంచిదేనా, ఏమైనా ఆశిస్తోందా అని మొదటి రెండు రోజులూ కనిపెట్టి చూశాను. ఏమీ ఆశించలేదు. వాళ్ళు వెళ్ళిపోయే రోజున దువ్వెన నాకే వదిలేసి వెళ్ళింది.

అత్తయ్య మాత్రం నా గదిలోకి రాలేదు. పిల్లల వార్డు ముందున్న ఇనుప కుర్చీల్లోనే ఉంటోందని మా ఆయన చెప్పాడు. ఇంకోమాట కూడా చెప్పాడు. చుట్టాలు ఫోన్ చేసి కోడలెలా ఉందని అడిగితే ఆవిడ ఇదివరకటిలా అంతా బాగేనని అనడం లేదట. కోడలికి బాగాలేదు, పిల్ల మిషన్లో ఉంది, ఏం చెప్పలేమంటున్నారు అని చెబుతోందట. దీపాల వేళ చేసినవాళ్ళతో కూడా అదే అంటోందట. అవతలివాళ్ళు అపశకునం మాటలేంటి వదినా అని ఫోన్ పెట్టేస్తున్నారట. నన్ను చెడ్డదాన్ని చెయ్యడానికి అలా అంటోందేమో అన్నాను. మా ఆయన నా వైపు కాసేపు చూసి, బయటికి వెళ్ళి టీ తెచ్చాడు.

కార్తీకం

పాప కాస్త కండపట్టాక మమ్మల్ని ఇంటికి పంపారు. పురిటి ఇల్లు కాబట్టి వినగడపకే చేరాం. బిడ్డ పుట్టాక కూడా ఆ ఫోన్లు కొన్నాళ్ళు వస్తాయని నర్సమ్మ చెప్పింది, ఈసారి తల్లి గురించీ బిడ్డ గురించీ. నా నంబరు ఇచ్చాను. మార్చేశానమ్మా అని చూపించింది. మారలేదు. మళ్ళీ చెప్పాం, మళ్ళీ మార్చారు, ఫోన్ మాత్రం అత్తయ్యకే పోతోంది. ఎందుకో ఇప్పటికీ ఎవరూ నాకు సరిగా చెప్పలేదు. మీరైతే నమ్ముతారేమో గానీ, మార్చేశాం అన్నవాళ్ళను నేను నమ్మను.

మొదటి బుధవారం మధ్యాహ్నం అత్తయ్య గుమ్మంలో కనిపించింది. తిరువూరులో బస్సెక్కి, దిగి, ఆటో మారి వచ్చింది. మోకాళ్ళ నొప్పుల మనిషి. ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు. పాప బరువు చూడటానికా, మావాళ్ళు నన్ను ఎలా చూసుకుంటున్నారో కనిపెట్టడానికా అని అమ్మా నేనూ వంటింట్లో గుసగుసలాడుకున్నాం. ఆవిడ పాపను ఎత్తుకోలేదు, నాతో పెద్దగా మాట్లాడలేదు. వసారాలో గోడకు ఆనుకుని కూర్చుంది. చీకటి పడే వేళకు ఫోన్ మోగింది. మోగుతున్న ఫోన్ను చాచిన చేత్తో నాకు ఇచ్చి మొహం వీధివైపు తిప్పుకుంది. నేను విని, నొక్కి ఇచ్చేశాను. అది పుచ్చుకుని ఆఖరి బస్సుకు వెళ్ళిపోయింది.

తర్వాతి బుధవారం మళ్ళీ వచ్చింది. ఆ తర్వాతిదీ. ఇంత దూరం ఎందుకు, ఆ గొంతు అడిగేవి ఎప్పుడూ అవేగా, నేను ముందే ఫోన్ చేసి జవాబులు చెబుతాను, మీరే నొక్కుదురు గాని అన్నాను.

అత్తయ్య తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మా. వింటే రెండే నొక్కుతాను. నా వేలి మీద నాకే నమ్మకం లేదు" అంది.

ఆ మాట నాకు నచ్చింది. మనిషి మీద జాలి కలిగిందని చెప్పలేను, కోపం పోయిందనీ చెప్పలేను. ఆవిడ వచ్చే వేళకు చాప వేసి ఉంచడం మాత్రం మొదలుపెట్టాను.

ఇక నా సంగతి. పాప పాలు తాగుతోంది, బరువు పెరుగుతోంది, నా వాపు పూర్తిగా తీసింది. అందరూ గండం గట్టెక్కిందన్నారు. నాకు మాత్రం పాప నిద్రపోతే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడందే కూర్చోబుద్ధి అయ్యేది కాదు. చూసి వచ్చి కూర్చుంటే మళ్ళీ చూడాలనిపించేది. అన్నం సయించేది కాదు. ఏ కారణమూ లేకుండా ఏడుపు తన్నుకొచ్చేది. ఎవరైనా చూస్తే ఆడపిల్ల పుట్టిందని ఏడుస్తోందంటారని, పెరట్లో బట్టలుతికే బండ దగ్గర కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని. ఇది ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పాలి? చచ్చి బతికి, బిడ్డ దక్కి, ఏం లోటని ఏడుపు? మా ఆయన ఫోన్ చేస్తే మామూలుగానే చెప్పేదాన్ని, బాగానే ఉన్నాను, అన్నం తిన్నారా అని.

నేను చెప్పదలచుకున్న బుధవారం ఇదీ. అత్తయ్య ఆ రోజు పెందలాడే వచ్చింది. నేను పెరట్లో ఉన్నాను. మొహం కడుక్కుని, కొంగుతో ఒత్తుకుని లోపలికి వచ్చేసరికి చాప మీద కూర్చుని ఉయ్యాల తాడు పట్టుకుని ఊపుతోంది. ఎప్పుడొచ్చారంటే ఇందాకే అంది. అమ్మ దీపం పెట్టింది. ఫోన్ మోగింది. అత్తయ్య మామూలుగా చెయ్యి చాచి ఇచ్చి మొహం తిప్పుకుంది.

తలనొప్పి ఉందా అంది గొంతు. రెండు. జ్వరం ఉందా, రెండు. బిడ్డ పాలు తాగడం తగ్గించిందా, రెండు. అన్నీ నిజమే నొక్కాను. అప్పుడు ఇదివరకు ఎప్పుడూ అడగనిది అడిగింది. ఊరికే ఏడుపు వస్తోందా, మనసు దిగులుగా ఉంటోందా, దేని మీదా ధ్యాస నిలవడం లేదా, అలా ఉంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి.

స్పీకరు వేసే ఉంది. వసారాలో అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు. నేను ఒకటి నొక్కితే ఈ మాట ఎవరెవరికి పోతుంది? పిచ్చిదని రాసుకుంటారా? రేపు పాపను నా దగ్గర ఉంచొద్దంటారా? ఎవరో ముక్కూ మొహం తెలియని గొంతుకు నా ఏడుపు సంగతి ఎందుకు? నా బొటనవేలు దానంతటదే రెండు మీదికి వెళ్ళింది. వెళ్ళిన వేలును నేను చూశాను. అత్తయ్య వేలు కూడా ఆ వరండాలో ఇలాగే, తడుముకోకుండా వెళ్ళింది.

గొంతు రెండోసారి అడిగింది. అత్తయ్య మొహం ఇటు తిప్పలేదు. ఉయ్యాల ఊపుతూనే, మెల్లగా, నాకు ఒక్కదానికే వినపడేట్టు అంది.

"ఇందాక పెరట్లో ఏడ్చావు. పోయిన వారం కూడా. ఉన్నదే నొక్కమ్మా."

అప్పుడే దీపం పెట్టిన వేళ అది. తథాస్తు దేవతలు తిరిగే వేళ. నేను ఒకటి నొక్కాను.

మా సిబ్బంది మీకు ఫోన్ చేస్తారు అని చెప్పి గొంతు ఆగిపోయింది. ఫోన్ అత్తయ్యకు అందించాను. ఆవిడ తీసుకోలేదు, లేవలేదు. బస్సు తప్పిపోతుంది అత్తయ్యా అన్నాను.

"పోతే పోనీ. చేస్తామన్నారుగా, చేస్తారో చెయ్యరో ఎవరికి తెలుసు" అంది. "వాళ్ళు నీతో మాట్లాడేదాకా నేను కదలను."